సారథి కాలి కింది గొంగడి

ఆ శుక్రవారం ఉదయం కామారెడ్డి స్టేషన్ రోడ్డులోని గ్యారేజీ ఆవరణలో హాజరై ఉన్నవారు, మర్యాద క్రమంలో, వీరు: కారు ముందు సీటులోంచి ఇంకా దిగని సుగుణమ్మ గారు, ఇంటికి పెద్ద, ఆమె తలుపు పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడిన ఆమె కుమారుడు నారాయణ గారు, డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు బోధించి పదవీ విరమణ చేసినవారు, ఆయన వెనుక, ఫోనులోంచి తల ఎత్తని ఆయన కుమారుడు హరీష్, బానెట్ మీద అరచెయ్యి ఆనించి, రోగి నుదురు పట్టి చూస్తున్నట్టు నిలబడిన గ్యారేజీ యజమాని సిరాజుద్దీన్, అందరికీ చివర, చెప్పులు చేతిలో పట్టుకున్న భీమేష్, నారాయణ గారి బావమరిది.

బంధుత్వాన్ని బట్టి ఈ వరుసలో భీమేష్‌కు ఇంకా పైస్థానం దక్కవలసింది. అతనే కావాలని వెనక నిలబడ్డాడు. అక్కడ విచారణకు వచ్చింది కారు అని అందరూ అంటున్నా, నిజానికి తాను అని అతనికి తెలుసు.

కారు అంబాసిడర్. పాలమీగడ రంగు. సుగుణమ్మ గారు ఎల్లారెడ్డిలోని ఆ ఇంటికి కోడలుగా వచ్చిన ఏడే, అరవై ఏళ్ళ క్రితం, ఆమె మామగారు దాన్ని కొన్నారు. మొదట అందులో మండపానికి వెళ్ళింది ఆమే, ఆ తరువాత ఆ ఇంటి ఆడపిల్లలు. నడిపేది పెళ్ళికూతురి మేనమామే. ఇతరుల ఇళ్ళలో మేనమామ పెళ్ళికూతురిని బుట్టలో ఎత్తుకుని తెస్తాడు. ఈ ఇంట్లో కారులో కూర్చోబెట్టుకుని తెస్తాడు. ఆ రోజు అతను డ్రైవరు కాడు, సారథి. సారథి పాదానికి వట్టి ఇనుము తగలకూడదు గనుక, ఇంటి పెద్దావిడ ముందు సీటు కింద, పెడళ్ళ అడుగు దాకా, ఒక మందపాటి బట్ట పరచి పసుపు కుంకుమలు చల్లుతుంది. శుభకార్యానికి పరచినదాన్ని మళ్ళీ తీయరు. తరువాతి పెళ్ళికి దాని మీదనే మరొకటి పరుస్తారు.

అందువల్ల ఆ కారు ముందు భాగంలోకి చెప్పులతో ఎవరూ ఎక్కరు. ఆ బట్టలను పెద్దావిడ తప్ప ఎవరూ ముట్టరు. సిరాజుద్దీన్ తండ్రి ఒకసారి కిందపడ్డ నట్టు కోసం వాటి అంచు ఎత్తినందుకు, నారాయణ గారి తండ్రి ఆ పూటంతా అతనితో మాట్లాడలేదట. ఆ సంగతిని సిరాజుద్దీన్‌కు అతని తండ్రి నట్లు తిప్పే పానాలతోపాటే అప్పగించి పోయాడు.

మూడేళ్ళ క్రితం నారాయణ గారి పెద్దమ్మాయి నిహారిక పెళ్ళినాడు భీమేష్ మొదటిసారి సారథి అయ్యాడు. ఎల్లారెడ్డి బజారు మధ్యలో, బ్యాండు మోగుతుండగా, గేరు మార్చబోతే కారు గరగరమని అరిచింది, ఎగిరి దూకింది, ఆగిపోయింది. మళ్ళీ కదిలి మళ్ళీ ఆగింది. పెళ్ళికూతురి తల ముందు సీటుకు తగిలి పూలజడ వంకరపోయింది. పెళ్ళికొడుకు తరఫు పెద్దమనిషి ఒకాయన, "సారథి గారు పొద్దుగాల్నే రెండు గ్లాసులు ఏసుకున్నట్టున్నడు," అన్నాడు. భీమేష్ జన్మలో ముట్టనివాడు. ఆ మాట ఎవరూ ఖండించలేదు. నారాయణ గారు కూడా. ఆనాటినుంచి బంధువుల పిల్లలకు అతను గరగర మామ.

ఇప్పుడు రెండో అమ్మాయి మనోజ్ఞ పెళ్ళి. శనివారం పదకొండు గంటలకు ముహూర్తం, కామారెడ్డిలోనే ఫంక్షన్ హాలు. సుగుణమ్మ గారు కొత్త జంపఖానా పరచి, పసుపు కుంకుమలు చల్లి, కారును షెడ్డులోంచి బయటకు తీయమన్నారు. ఇంజన్ నడుస్తుండగా గేరు పడడమే మానేసింది. నారాయణ గారు తీర్పు చెప్పేశారు: శుక్రవారం సాయంత్రంలోగా కారు బాగుపడకపోతే, హరీష్ చూసి ఉంచిన తెల్లటి కొత్త బండి వస్తుంది, దాని డ్రైవరుతో సహా. మేనమామ వెనక బండిలో బంధువులతోపాటు రావచ్చు.

ఆ రాత్రి మనోజ్ఞ మామను పక్కకు పిలిచి, "గరగర అన్నా మంచిదే మామా, నువ్వే నడుపాలె," అంది. భీమేష్ నవ్వి ఊరుకున్నాడు. ఇంటికి వెళ్ళాక ఆ మాట అతనికి ముల్లులా తగిలింది. పిల్ల కూడా గరగరను ఖాయం చేసేసుకుంది!

క్లచ్ పనిచేయని కారును ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి దాకా నడిపి తెచ్చింది భీమేషే. ఇంజన్ ఆపి, మొదటి గేరు వేసి, ఆ తరువాత స్టార్టరు తిప్పితే కారు కుదుపుతో కదులుతుంది. కదిలాక, ఇంజన్ చప్పుడును చెవితో తూచి, సరిగ్గా కలిసిన క్షణంలో లివరును వేలితో తోస్తే తరువాతి గేరు పడుతుంది. ఆగవలసి వస్తే ఇంజన్ ఆపేయడమే. లింగంపేట దాటాక రోడ్డులో సగం వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఎదురుగా ట్రాక్టరు వచ్చిన ప్రతిసారీ ఈ తంతు మొదటినుంచి జరగవలసిందే.

కామారెడ్డిలో కంటి డాక్టరుకు చూపించుకోవాలని సుగుణమ్మ గారు అతని పక్కనే ముందు సీటులో కూర్చున్నారు. దారి పొడుగునా ఆమెకు ఒకటే ఫిర్యాదు.

"ఏంది భీమేషూ, నా మోకాళ్ళు గడ్డానికి తగుల్తున్నయ్. ఈ సీటు కిందికి దిగిందా ఏంది?"

"పాత సీటు గద అత్తమ్మా, స్ప్రింగులు కుంగినయేమో."

"నా పెండ్లినాడు గిదే సీట్ల, మా మేనమామ పక్కన కూసున్న. కాళ్ళు కింద అందలే. ఊయల్ల కూసున్నట్టు ఊపుకుంట వచ్చిన. మా మామ 'ఊపకే పిల్లా, గేరుకు తగుల్తది' అని కసిరిండు. అప్పటి సంది నేను పొట్టిగైన గని పొడుగు గాలే గద?"

భీమేష్ నవ్వాడు. కానీ అప్పుడు అతని చెవులు రెండూ ఇంజన్ దగ్గరే ఉన్నాయి. తాడ్వాయి దగ్గర గొర్రెల మంద అడ్డం వచ్చింది. అతను ఇంజన్ ఆపాడు. ఆ మాట అక్కడే ఆగిపోయింది.

నారాయణ గారు, హరీష్ వెనక మోటారు సైకిల్ మీద వచ్చారు. ఆ ప్రయాణాన్ని కళ్ళారా చూసిన నారాయణ గారు, దానిలోని పనితనాన్ని గురించి ఒక్క మాట కూడా అనలేదు. ఆయనకు కనబడిందల్లా కుదుపులే.

"సార్, క్లచ్‌కు రెండే రోగాలుంటయ్," అని మొదలుపెట్టాడు సిరాజుద్దీన్. అతను ఏ పనినైనా ఉపన్యాసంతో ప్రారంభించే మనిషి. "ఒకటి, పట్టుకోదు. రెండోది, ఇడిసిపెట్టది. పట్టుకోకపోతే లోపల ప్లేటు అరిగినట్టు. ఇడువకపోతే దాన్ని తన్నేటిది సక్కగ తన్నుతలేదన్నట్టు."

"మూడవది కూడా ఉంది," అన్నారు నారాయణ గారు. "నడిపేవారికి చేతకాకపోవడం."

హరీష్ ముసిముసిగా నవ్వాడు. భీమేష్ చేతిలోని చెప్పులను కింద పెట్టాడు.

"అది గూడ చూద్దాం సార్. ముందుగల బండి జాతకం చూద్దాం. భీమేషన్నా, ఎక్కు."

భీమేష్ చెప్పులు లేని కాళ్ళతో ఎక్కాడు. సిరాజుద్దీన్ చెప్పినట్టే హ్యాండ్ బ్రేకు బిగించి, పై గేరు వేసి, పెడల్ పూర్తిగా నొక్కి పట్టి స్టార్టరు తిప్పాడు. పెడల్ నొక్కి ఉండగానే కారు ముందుకు గుంజింది. పాదం ఎత్తీ ఎత్తగానే ఇంజన్ గొంతు నొక్కినట్టు ఆగిపోయింది.

"చూసిండ్రా? పట్టుకునుడు జలగ లెక్క పట్టుకుంటున్నది. ప్లేటుకు ఢోకా లేదు. ఇడువుమంటేనే ఇడుస్తలేదు. పెండ్లికి వచ్చి పదారు దినాలైనా పోని సుట్టం లెక్క."

"మా ఇంటికి అట్లాంటి వారు ఎవరూ రారు," అన్నారు నారాయణ గారు.

"మా ఇంటికి వస్తరు సార్," అని సిరాజుద్దీన్ కారు కిందికి దూరాడు.

తరువాత జరిగిన పరీక్షలను క్లుప్తంగా చెప్పుకోవచ్చు. డబ్బాలో క్లచ్ ఆయిల్ నిండుగా ఉంది. గొట్టం ఎక్కడా కారడం లేదు. పైపులో గాలి లేదు. ఉంటే పెడల్ మెత్తగా దిగబడుతుంది, ఇది గట్టిగా ఉంది. కాని కింద, గేరు పెట్టె పక్కన, చిన్న సిలిండరులోంచి బయటకు రావలసిన రాడ్డు సగమే వస్తున్నది.

"నొక్కు!" అని కిందినుంచి అరిచాడు సిరాజుద్దీన్.

"నొక్కిన!"

"ఇంకా నొక్కు!"

"ఇంకేడికి నొక్కాలె? అడుగుదాకా నొక్కిన!"

"సగమే వస్తుంది అన్నా. తిండి తినకుండ వచ్చినవా?"

"నువ్వొచ్చి నొక్కు మరి!"

సిరాజుద్దీన్ చెప్పులు విప్పి, కాళ్ళు గుడ్డతో తుడుచుకుని, ఎక్కి నొక్కాడు. భీమేష్ కిందికి దూరి చూశాడు. రాడ్డు అప్పుడూ సగమే వచ్చింది. ఆ సగాన్ని చూసి భీమేష్‌కు మూడేళ్ళలో మొదటిసారి గుండె కొంత తేలికపడింది. తప్పు తన కాలిది కాదు. ఎవరు నొక్కినా ఇంతే. కానీ ఆ మాట కారు కింద, ఆయిల్ మరకల మధ్య, తనకు తాను చెప్పుకుని లాభం లేదు. పైన నిలబడ్డవారికి తెలియాలి. తెలియాలంటే కారు బాగుపడాలి.

పై సిలిండరులోని రబ్బరు సీలు పాతబడి ఉంటుందని సిరాజుద్దీన్ దాన్ని విప్పి కొత్తది వేశాడు. మధ్యాహ్నం నమాజుకు వెళ్ళి వచ్చి, మళ్ళీ గాలి తీసి, మళ్ళీ నొక్కమన్నాడు. రాడ్డు సగమే వచ్చింది. కింది సిలిండరు సీలు కూడా మార్చాడు. సగమే.

అతను చేతులు తుడుచుకుంటూ బయటకు వచ్చాడు. మొహంలో ఉపన్యాసం లేదు.

"సార్, ఇగ లోపలనే. ప్లేటును తన్నే గుర్రం, అదే ఫోర్కు, వంగినట్టుంది. ఇంజన్ దింపాలె. రెండు దినాల పని."

"ముహూర్తం రేపు," అన్నారు నారాయణ గారు.

"గందుకే చెప్తున్న సార్."

అప్పటికే హరీష్, నానమ్మను ఆటోలో కంటి డాక్టరుకు చూపించి తీసుకువచ్చాడు. అతను వెంటనే ఫోను చేతికి తీసుకున్నాడు. "డాడీ, ఆ బండి కన్ఫర్మ్ చేస్తున్న. ఇంకా ఆలిశెం చేస్తే అదీ దొరకదు. మామా, ఏమనుకోకు."

"నేనేమనుకుంట," అన్నాడు భీమేష్.

నారాయణ గారు గొంతు సవరించుకున్నారు. "భీమేష్, ఇందులో వ్యక్తిగతమైనది ఏమీ లేదు. యంత్రానికి వయసు మీరింది. గౌరవంగా విరమింపజేయడం మన బాధ్యత." ఆ చివరి వాక్యం కారును గురించా తనను గురించా అన్నది భీమేష్‌కు అర్థం కాలేదు.

అతను కారు దగ్గరకు నడిచాడు. పోయేముందు ఒకసారి స్టీరింగ్ ముందు కూర్చోవాలనిపించింది. ఎండ ఎక్కువగా ఉందని సుగుణమ్మ గారు అప్పటికే ముందు సీటులోకి ఎక్కి, కళ్ళలో వేసిన మందుకు రెప్పలు ఆర్పుతూ కూర్చుని ఉన్నారు. అతను పక్కన కూర్చోగానే ఆమె మళ్ళీ అందుకున్నారు.

"గిదేం సీటు బిడ్డా! డాక్టరు దగ్గర కుర్సీల కాళ్ళు జాపుకోని కూసున్న. ఆటోల గూడ మంచిగనే కూసున్న. గీ కార్లకు ఎక్కంగనే మోకాళ్ళు మీదికొస్తున్నయ్."

భీమేష్ చెయ్యి స్టీరింగ్ మీద ఆగింది.

అతను సీటు అంచును తట్టి చూశాడు. కొయ్య చట్రం దాని చోట అది గట్టిగా ఉంది. సీటు కిందికి దిగలేదు. అయితే ఆమె మోకాళ్ళను పైకి ఎత్తుతున్నది ఏమిటి? ఆమె పాదాల వైపు చూశాడు. కొత్త జంపఖానా, నీలం చారలది. దాని అంచు కింద నిహారిక పెళ్ళినాటి ఎర్ర తివాచీ అంచు. దాని కింద ఇంకొకటి. ఇంకొకటి. అన్నింటికీ అడుగున, నల్లటి గొర్రెబొచ్చు గొంగడి.

అతను వంగి, పాదంతో కాక అరచేత్తో, క్లచ్ పెడల్‌ను నొక్కాడు. పెడల్ దిగి ఆగింది. గట్టిగానే ఆగింది. అయితే ఇనుము ఇనుమును తాకి ఆగిన టక్కుమనే ఆగడం కాదు. మరికాస్త బలం పెడితే అడుగున ఏదో కొద్దిగా నలిగింది. వదిలితే అది మళ్ళీ పైకి ఉబికింది. మూడేళ్ళుగా తాను, ఇవాళ సిరాజుద్దీన్, అడుగు అనుకుంటున్నది అడుగు కాదు.

నిహారిక పెళ్ళికి ఆ ఎర్ర తివాచీ పరిచారు. గరగర అప్పుడే మొదలైంది. మొన్న జంపఖానా పరిచారు. గేరు పడడం ఆగిపోయింది.

అతనికి నవ్వు వచ్చింది. ఆ వెంటనే అత్తమ్మ వైపు చూసి దాన్ని ఆపుకున్నాడు. ఈ మాట పైకి అనడం ఎట్లా? నీ ఆశీర్వాదమే అడ్డం పడుతున్నదని పక్కన కూర్చున్న ఈ తల్లితో ఏ నోటితో చెప్పాలి? చెప్పకపోతే రేపు వెనక బండిలో కూర్చోవాలి. గరగర మామ అన్న పేరు కాటిదాకా వెంట వస్తుంది. చెబితే, తన కాలి తప్పును కప్పిపుచ్చుకోవడానికి పెద్దావిడ చేతిమీదికి నెట్టాడంటారు. బావగారైతే తప్పకుండా అంటారు.

"ఏంది బిడ్డా, గట్ల చూస్తున్నవ్?"

"అత్తమ్మా," అన్నాడు భీమేష్ చివరకు, చాలా మెల్లగా. "నీ మోకాళ్ళు సీటు దిగి పైకి రాలే. అడుగు పైకొచ్చింది."

ఆమె అతని మొహం చూశారు. తరువాత తన పాదాల కిందికి చూశారు. అతను పెడల్ మీద చెయ్యి వేసి, నొక్కి, ఎక్కడ ఆగుతుందో చూపించాడు.

ఈలోగా నారాయణ గారు తలుపు దగ్గరకు వచ్చారు. వెనకనే సిరాజుద్దీన్. భీమేష్ మాట వారికీ వినబడింది.

"అంటే?" అన్నారు నారాయణ గారు. గొంతు కళాశాల వరండాలో వినిపించిన గొంతే. "మా ఇంటి ఆచారం వల్ల కారు పాడైందని నువ్వు అంటున్నావా? మా తాతగారి కాలం నుంచి పరుస్తున్నవి ఇవి. ఇన్ని పెళ్ళిళ్ళు జరిగాయి. ఎవరి కాలికీ అడ్డం రానిది నీ కాలికే వచ్చిందా?"

"బావా, అప్పుడు ఒక్కటే ఉండె. తర్వాత రెండైనయ్. ఇప్పుడు అయిదు."

"మరి బ్రేకు పడుతున్నది కదా? అదీ అదే అడుగు మీద ఉంది!"

ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానం సిరాజుద్దీన్ నోటినుంచి అతనికి తెలియకుండానే వచ్చేసింది. "బ్రేకు పైపైన్నే పట్టుకుంటది సార్. అడుగుదాకా పోయే పని లేదు. క్లచ్చే అడుగుదాకా పోతెనే ఇడుస్తది..." అని ఆగి, అరచేత్తో నుదురు కొట్టుకున్నాడు. "యా అల్లా! రాడ్డు సగమే వచ్చుడు... కిందనే చూసిన, పైన చూడలే. మా అబ్బా ముట్టొద్దన్నడని కన్ను గూడ పెట్టలే!"

"ముట్టకూడదు," అన్నారు నారాయణ గారు. ఈసారి గొంతు అంత గట్టిగా లేదు. "శుభకార్యానికి పరచినది తీస్తే..." అని వాక్యాన్ని పూర్తి చేయకుండా తల్లి వైపు చూశారు. జీవితంలో ఆయన అసంపూర్తిగా వదిలిన వాక్యాలు బహు తక్కువ.

సుగుణమ్మ గారు కారు దిగారు. కొంగు నడుముకు చెక్కుకున్నారు. తలుపు వైపు తిరిగి, మోకాళ్ళ మీద కూర్చుని, నీలం జంపఖానా అంచు పట్టుకున్నారు.

"అత్తమ్మా, వద్దు, నేను..." అని భీమేష్ వంగబోయాడు.

"నువ్వు ముట్టకు. పరిచిన చెయ్యే తియ్యాలె." అని ఆమె లాగారు. పసుపు, కుంకుమ రాలి ఆమె చేతులకు అంటుకున్నాయి. "ఇది మనోజ్ఞది." దాన్ని మడిచి హరీష్ చేతుల్లో పెట్టారు. అతను ఫోను జేబులో వేసుకోవలసి వచ్చింది. "ఇది నిహారికది." ఎర్ర తివాచీ కిందినుంచి ఎన్నేళ్ళ దుమ్మో లేచింది, సిరాజుద్దీన్ తుమ్మాడు. "ఇవి రెండు నా ఆడిబిడ్డలయి. మా అత్త పరిచింది." అవి పెడళ్ళ చుట్టూ చిరిగి, అట్టలా బిగిసిపోయి ఉన్నాయి. మిగిలింది గొంగడి.

"అదొక్కటీ ఉండనీయి," అన్నారు నారాయణ గారు. ఆపైన ఆయన నోట కళాశాల భాష రాలేదు. "అమ్మా, అది నీదే! నీ పెండ్లిది గద! గది ఒక్కటి ఉంటే ఏంగాదు, తియ్యకే."

భీమేష్ కూడా అదే అనబోయాడు. ఒక్క గొంగడి మందం వల్ల ఏమీ కాదు. దాని మీద ఆమె మేనమామ నడిపాడు కదా.

సుగుణమ్మ గారు గొంగడి మీద అరచెయ్యి ఒకసారి నిమిరారు. "అందరియి తీసి నాది ఉంచుకుంటే ఏం బాగుంటదిరా?" అన్నారు. "మేనమామ కాలుకు ఇనుము తగులొద్దని పరిచినం. మేనమామ కాలుకే అడ్డం పడితే ఇగ అదెందుకు? పాపం, ఈ పిలగాన్ని మూడేండ్ల సంది గరగర మామ, గరగర మామ అని పిలుస్తిరి. తాగిండు అంటిరి. నేను ఇన్న. ఇని ఊకున్న." ఆమె గొంగడిని రెండు చేతులా లాగారు. అది అరవై ఏళ్ళుగా నేలను కరచుకుని ఉంది. అంత తేలికగా రాలేదు. భీమేష్ ఆమె వెనక నిలబడి, ఎక్కడ పడిపోతారోనని చేతులు చాచి ఉంచాడు గాని ముట్టలేదు. చివరకు అది వచ్చింది. దాని కింద బూడిదరంగు ఇనుము, కొత్తదానిలా, కనబడింది.

ఆమె కళ్ళు తుడుచుకోవడానికి భుజం మీద వేసుకున్న నూలు తువ్వాలను తీసి, దులిపి, ఆ ఇనుము మీద ఒక్క పొరగా పరచి, చేతికి అంటిన పసుపునే దాని మీద రాశారు. "ఇగ నొక్కు."

భీమేష్ ఎక్కాడు. సిరాజుద్దీన్ కిందికి దూరాడు.

పాదం దిగింది. దిగింది. ఇంకా దిగింది. మూడేళ్ళుగా ఆ పెడల్‌ను ఎరిగిన కాలు, ఇక ఆగుతుందనుకున్న చోట ఆగక, మెట్టు ఉందనుకుని లేని చోట అడుగు వేసినట్టు, కిందికి జారిపోయింది. అడుగున తువ్వాల మీద మెత్తగా ఆనింది.

"నిండ వచ్చింది!" కారు కిందినుంచి కేక. "నిండ వచ్చింది సార్! ఖుదా కసం, నిండ వచ్చింది!"

ఇంజన్ నడుస్తుండగా భీమేష్ లివరును మొదటి గేరులోకి తోశాడు. అది చప్పుడు లేకుండా, వెన్నలో వేలు దిగినట్టు వెళ్ళింది. రెండవది. మూడవది. వెనక గేరు. తీసి, వేసి, తీసి, వేసి చూశాడు. ఎక్కడా గరగర లేదు. అతను కారును ఆవరణలో ముందుకు, వెనక్కు, మళ్ళీ ముందుకు నడిపాడు. కళ్ళు మసకబారితే, డాక్టరు మందు వేసింది అత్తమ్మ కళ్ళలోనా తన కళ్ళలోనా అనిపించింది.

"మామా, ఆ బండి క్యాన్సిల్ చేసిన," అన్నాడు హరీష్, చేతినిండా జంపఖానా, తివాచీలతో. "ఇవి యాడ వెట్టాలె?"

"పెండ్లిపిల్ల కూసునే కాడ," అన్నారు సుగుణమ్మ గారు. "ఎనుక సీటు మీద, ఒకదాని మీద ఒకటి. పిల్ల ఎత్తుమీద కూసుంటది, ఊరంతా కనబడ్తది. గొంగడి అన్నిటికి కింద ఎయ్యి. గుచ్చుతది."

సిరాజుద్దీన్ కొత్త సీళ్ళ సంగతి ఎత్తి, అవి ఎట్లాగూ మార్చవలసినవేనని ప్రకటించాడు. ఎవరూ వాదించలేదు. నారాయణ గారు ఆవరణ మధ్యలో నిలబడి, చేతులు వెనక్కి కట్టుకోబోయి, కట్టుకోకుండా, బావమరిది దగ్గరకు నడిచి వచ్చి కిటికీలోంచి అతని భుజం మీద చెయ్యి వేశారు. ఏదో చెప్పబోయారు. "ఎక్కు బావా," అన్నాడు భీమేష్. "పొద్దు గుంకక ముందే ఇల్లు చేరుదాం." ఆయన చెప్పులు విడిచి ఎక్కారు. తిరుగుప్రయాణంలో ముగ్గురూ ముందు సీటులోనే కూర్చున్నారు. సుగుణమ్మ గారు మధ్యలో, కాళ్ళు హాయిగా జాపుకుని, తాడ్వాయి దాటకముందే నిద్రపోయారు. లింగంపేట దగ్గర వడ్ల పక్కన ట్రాక్టరు ఎదురైతే భీమేష్ ఇంజన్ ఆపకుండా, కారును నిలబెట్టి, ట్రాక్టరు పోయాక చప్పుడు లేకుండా కదిలించాడు. నారాయణ గారు అది గమనించారు. "స్మూత్," అన్నారు. ఆయన నోట ఆ మాట విద్యార్థులలో కూడా చాలామంది విని ఉండరు.

మరునాడు శనివారం, ముహూర్తానికి బాగా ముందుగానే, పాలమీగడ రంగు అంబాసిడర్ కామారెడ్డిలోని ఫంక్షన్ హాలు గేటు ముందు ఆగింది. దారిలో అది ఒక్కసారీ అరవలేదు, దూకలేదు. వెనక సీటులో, అయిదు పొరల మీద, మనోజ్ఞ అంబారీ ఎక్కినట్టు కూర్చుని ఉంది. పూలజడ ఎక్కడా చెదరలేదు. బంధువుల పిల్లలు చెవులు రిక్కించి ఎదురుచూశారు. గరగర వినబడకపోయేసరికి నిరాశపడి కూల్‌డ్రింకుల వైపు పోయారు.

సారథి దిగి తలుపు తీశాడు. పెళ్ళికూతురు దిగకముందే నారాయణ గారు చెయ్యి ఎత్తి బ్యాండును ఆపించారు. ఉభయ పక్షాల పెద్దలు, మూడేళ్ళ క్రితం రెండు గ్లాసుల మాట అన్న, నిహారిక అత్తవారి తరఫు పెద్దమనిషి కూడా, చుట్టూ నిలబడి ఉన్నారు. నారాయణ గారు ఆ పెద్దమనిషి వైపే చూస్తూ, మొదట ఇట్లా అన్నారు: "ఇతను నా బావమరిది భీమేష్. నా పెద్దకూతురి పెళ్ళినాడు ఇతని కాలు ఏ తప్పూ చేయలేదు. అడ్డం కారులో ఉంది." తరువాత తల్లి వైపు తిరిగి, చేతులు జోడించి, ఒక్కొక్క మాటా విడివిడిగా పలికారు:

"నా తల్లి సుగుణమ్మ గారు, తాము పరచినవాటిని తామే తీసి, అందరివాటితోపాటు తమ పెళ్ళినాటి గొంగడిని కూడా స్వహస్తాలతో తొలగించి, ఈ ఇంటి మేనమామకు అతని స్థానాన్ని, ఈ కారుకు దాని నడకను తిరిగి ఇచ్చారు. ఇందుకు మా కుటుంబం పక్షాన, అందరి సమక్షంలో, ఆమెకు కృతజ్ఞతలు సమర్పించుకుంటున్నాను."